వంటింటి వైపు తిరిగిన మొహం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తే నా గొంతు మీకు బాగా వినపడుతుంది. ఆ మూటల్ని పక్కకి నెట్టండి, పరవాలేదు, అందులో పగిలేవి ఏమీ లేవు. గోడకి మాత్రం ఆనుకోకండి. ఎందుకో నేను చెప్పక్కర్లేకుండా చివర్లో మీకే తెలుస్తుంది.

గోడల్లోనూ తలుపుల్లోనూ మొహాలు కనపడటం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మీకూ ఉండే ఉంటుంది, బయటికి చెప్పుకోరు అంతే. మైలవరం అవతల మా పుట్టింట్లో, పొయ్యి వెనక గోడకి సున్నం పెచ్చులూడి ఒక ముసలాయన తయారయ్యాడు. బుగ్గలు లోపలికి పోయి, ఒక కన్ను మూసుకుని ఉండేవాడు. మా అమ్మ ఆయన మీద క్యాలెండరు తగిలించింది. కొత్త సంవత్సరం వచ్చి పాత క్యాలెండరు తీస్తోందంటే చాలు, మేం పిల్లలం బయటికి పరిగెత్తేవాళ్ళం. పెళ్ళయి గవర్నర్‌పేట వచ్చాక ఈ వాటాకి ఎదురుగా ఒక పాత లాడ్జి, ఇప్పటికీ ఉంది. మేడ మీద రెండు కిటికీలు, కింద ఇనప షట్టరు. పొద్దున్నే షట్టరు పైకి లేస్తుంటే ఆ మేడ ఆవులించినట్టే ఉండేది. మా అమ్మాయికి చిన్నప్పుడు గోడకున్న ప్లగ్గంటే హడలు. మూడు చిల్లులు కదా, ఎవరో కళ్ళు తేలేసి కెవ్వుమంటున్నట్టు ఉంటుందది. అది దాని దగ్గరికెళ్ళి "ఊరుకో, ఏడవకు" అని చెప్పి వచ్చేది.

ఎందుకిలా కనపడతాయంటే నాకు తెలిసిన జవాబు మా నాన్నది. ఆయన కొండ పక్కన మొక్కజొన్న చేనుకి కాపలా ఉండేవాడు. అడవి పందులు దిగేవి. సాయంత్రం వెలుతురు తగ్గుతుంటే ప్రతి పొదలోనూ ఒక పంది మొహం కనపడేదట. లేచి రాయి విసిరేవాడు. "ఒట్టి పొదని కొడితే నవ్విపోతారు నాన్నా" అంటే, "నవ్వనియ్యవే. పొదని చూసి పంది అనుకుంటే ఒక రాయే కదా పోయేది. పందిని చూసి పొద అనుకుంటే నేనే పోతాను" అనేవాడు.

నేను బిడ్డని కన్నాక ఇంకొకటి తెలిసింది. పసిగుడ్డుకి చూపు నిలవగానే ముందు వెతుక్కునేది మొహాన్నే. రెండు కళ్ళూ ఒక నోరూ దొరికితే ఏడుపు మానేస్తుంది. ఆ వెతుకులాట మనతోపాటు పెద్దదవుతుంది గాని పోదు. భయం వేసినప్పుడూ వెతుకుతాం, దిక్కు తోచనప్పుడూ వెతుకుతాం. కనపడితే కొందరు జడుసుకుంటారు, కొందరు దణ్ణం పెట్టుకుంటారు. మా అమ్మాయి అత్తగారింట్లో ఒకే మొహానికి ఆ రెండూ జరిగాయి.

మా అమ్మాయిని బెజవాడలోనే ఒక కొండవాలున ఉన్న ఇంట్లో ఇచ్చాం. అల్లుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్యాన్లకీ మోటార్లకీ వైండింగ్ చేసే షాపులో పని చేస్తాడు. నెమ్మదస్తుడు. ఇంటికి పెద్ద మా వియ్యపురాలు. నేతవాళ్ళ ఇంటి ఆడపడుచు. మగ్గం ఆగిపోయి, ఆ వెనకే మొగుడూ పోతే, చీరలూ జాకెట్టు ముక్కలూ మూట కట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగి అమ్మి కొడుకుని పైకి తెచ్చింది. ఆవిడ నోటికి ఆ కొండ మీద అందరూ భయపడతారు, ఆవిడ చేతి అన్నం అందరూ తింటారు.

రోడ్డు మీంచి నిటారుగా మెట్లు. కొండని తవ్వి, చదును చేసి, ఒకదాని పక్కన ఒకటి కట్టుకున్న ఇళ్ళు. ముందు గదిలో నిలబడితే ఊరంతా, ఆ వెనక కృష్ణ కనపడుతుంది. వంటింటి కిటికీ తెరిస్తే మాత్రం కొండే. ఆ కొండలోంచి ముందుకి పొడుచుకొచ్చి, ఇంటి కప్పు కంటే పైన, లారీ అంత బండ.

సంబంధం మాట్లాడటానికి వెళ్ళిన రోజునే వియ్యపురాలు నన్ను వెనక్కి తీసుకెళ్ళింది.

"అదుగో వదినగారూ, ఆ మొహం చూశారా?"

"మీ మెట్లెక్కి నాకు కళ్ళు తిరుగుతున్నాయండీ. మొహాలు ఎక్కడ కనపడతాయి?"

"అలా కాదు, ఈ పక్కకి రండి. అది కన్ను. అది ముక్కు. పెదాలు బిగించుకుని ఉంది, చూశారా? మా ఆయన పోయిన ఏడాది నేను ఇక్కడ గిన్నెలు తోముకుంటూ ఏడుస్తుంటే కనపడింది. అప్పటిదాకా బండే అనుకున్నా."

కనపడింది నాకు. ఒక చెంప, పక్కనుంచి ముక్కు, లోతుగా ఒక కన్ను. ఏటి వైపు చూస్తూ ఉంది, మనతో పనిలేనట్టు. ఒకసారి కనపడ్డాక మళ్ళీ దాన్ని ఒట్టి బండగా చూడటం నా వల్ల కాలేదు. మొహాలతో వచ్చే చిక్కే అది.

పెళ్ళయ్యేలోపే బండకి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. ఇత్తడి కళ్ళు తెచ్చి, ఒకటి ఇటు, ఇంకోటి వంటింట్లోంచి కనపడని అటు చెంప మీద అంటించారు. పైనుంచి రావి వేళ్ళు కొన్ని బండ మీదుగా వేలాడి ఉంటే, అమ్మ మొహం మీద జుట్టు పడినట్టుందని కోసేశారు. ఆడవాళ్ళు నిలబడి హారతి ఇవ్వడానికి చోటు చాలట్లేదని బండ ముందు మట్టి తవ్వి గట్టు చదును చేశారు. మా అల్లుడు తీగ లాగి బల్బు పెట్టాడు. శుక్రవారం వస్తే ఆ వరస ఇళ్ళవాళ్ళంతా బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి అభిషేకం చేసేవాళ్ళు. నేనూ వెళ్ళినప్పుడల్లా మొక్కుకున్నాను. దణ్ణం పెట్టుకున్న చోటుని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

అమ్మాయి నెల తప్పింది. దానికి ఐదో నెల నడుస్తుండగా, శ్రావణం రాకముందే వానలు మొదలయ్యాయి. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అమ్మా, ఆవిడ నా వంక చూస్తోందే."

"ఎవరే, మీ అత్తగారా?"

"కాదే. వెనకున్నావిడ. ఇదివరకు ఏటి వైపు కదా చూసేది? ఇప్పుడు నేను పొయ్యి ముందు నిలబడితే రెండు కళ్ళూ కనపడుతున్నాయి."

"కడుపుతో ఉన్నవాళ్ళకి అలాగే ఉంటుంది. మీ నాన్న నాకు ఆరో నెలలో ఎలక మొహంతో కనపడ్డాడు."

అది నవ్వింది గాని, ఆ నవ్వులో గాలి లేదు. మర్నాడే సున్నుండలు చేసి పట్టుకెళ్ళాను. వంటింట్లో నిలబడి కిటికీ తెరిచాను. రెండు ఇత్తడి కళ్ళూ సూటిగా పొయ్యి మీదికే ఉన్నాయి. నాకు తెలిసిన చెంప కనపడలేదు. బిగించుకున్న పెదాల కింద ఇదివరకు లేని ఒక గీత, నోరు తెరవబోతున్నట్టు.

వియ్యపురాలికి పట్టలేని సంతోషం.

"చూశారా వదినగారూ! కోడలు కడుపుతో ఉందని తెలిసి ఇటు తిరిగింది తల్లి. మీ ఇంట్లో దేవుళ్ళు ఇలా తిరుగుతారా?"

"మా దేవుళ్ళు పటాల్లో ఉంటారండీ. మేకుకి వేలాడదీశాం, ఎక్కడికి తిరుగుతారు?"

"అదే మరి. ఇక్కడ మేకులు లేవు."

ఆ మాట ఆవిడ గర్వంగానే అంది. నేను మాత్రం అమ్మాయిని పొయ్యి ముందు నుంచి లేపి ముందు గదిలోకి తీసుకెళ్ళాను.

శ్రావణ శుక్రవారం నేనూ అక్కడే ఉన్నాను. ఆ రోజు నీళ్ళు కాదు, పాలు. అందరూ తలా ఒక చెంబు తెచ్చారు. ఎప్పుడు అభిషేకం చేసినా నీళ్ళు మొహం మీంచి జారి, గట్టు మీద పారి, పక్కనున్న కాలవలోకి పోయేవి. ఆ రోజు వియ్యపురాలు నెత్తిన పాలు పోసింది. ఒక చుక్క కూడా కిందికి రాలేదు. ఇంకొకావిడ పోసింది. రాలేదు. పాలు నుదుటి దాకా వచ్చి, వెనక్కి తిరిగి, బండకీ కొండకీ మధ్య ఎక్కడికో వెళ్ళిపోయాయి.

"తాగుతోంది! అమ్మ పాలు తాగుతోంది!" అని ఎవరో అరిచారు. ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. ఒకావిడకి పూనకం వచ్చింది. చంటిపిల్లల కోసం దాచుకున్న పాలు కూడా తెచ్చి పోశారు. మా అమ్మాయి గట్టు మీదికి రాలేదు. వంటింటి కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తూ ఉంది. పైన ఆ మొహం, కింద దీని మొహం, ఒకదాని వైపు ఒకటి. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళముందు ఉంది.

ఆ రాత్రి వాన పట్టుకుంటే అక్కడే ఉండిపోయాను. తెల్లారి కాఫీ పెడదామని వంటింట్లోకి వెళ్ళాను. పులిసిన పాల వాసన. గిన్నెలన్నీ మూతలు తీసి చూశాను. కడిగి బోర్లించిన గిన్నెలే. ఎక్కణ్ణుంచా అని వంగి చూస్తే, వెనక గోడ అడుగున చీమల బారు. గోడకీ గచ్చుకీ మధ్య సందులోంచి తెల్లగా తడి ఊరుతోంది. వేలు పెట్టి వాసన చూశాను. పాలే. పైన అమ్మ తాగిన పాలు కింద మా అమ్మాయి వంటింట్లో తేలాయి.

వియ్యపురాల్ని పిలిచి చూపించాను. ఆవిడ తడి వేలిని కళ్ళకద్దుకుంది.

"ప్రసాదం వెతుక్కుంటూ కోడలి దగ్గరికే వచ్చింది వదినగారూ."

"కొండలోంచి పాలొచ్చే దారి ఉంటే నీళ్ళొచ్చే దారీ ఉంటుంది కదండీ. నాకెందుకో భయంగా ఉంది. పిల్లని కొన్నాళ్ళు మా ఇంటికి తీసుకెళ్తాను."

"ఇప్పుడా? ఆరో నెల. సరి నెలలో పిల్లని గడప దాటించి పుట్టింటికి పంపుతారా ఎవరైనా? ఏడో నెల రానివ్వండి. సీమంతం చేసి, గాజులు తొడిగించి, ఊరేగింపుగా దింపి వస్తాను."

"సీమంతం దాకా ఆగదేమో అని నా భయం."

"అపశకునం మాటలు ఆవిడ వినేలా అనకండి, కిటికీ తెరిచి ఉంది" అంటూ వెళ్ళి రెక్క మూసింది.

అల్లుణ్ణి అడిగాను. "మా అమ్మ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదండి అత్తయ్యగారూ" అన్నాడు. వాళ్ళమ్మ పక్కనే నిలబడి ఉంది. పాపం, అంతకంటే ఏమంటాడు.

మోకాళ్ళు పట్టేశాయి, ఈ వానలో మెట్లు దిగలేనని చెప్పి నేనూ అక్కడే ఉండిపోయాను. పిల్లని వదిలి పోవడానికి కాళ్ళు రాలేదు. ముసురు వదల్లేదు. కింద రోడ్డు మీద ఆటోలో మైకు పెట్టి, కొండవాలున ఉన్నవాళ్ళు జాగ్రత్తగా ఉండాలని చెప్పుకుంటూ వెళ్ళారు. ఏటా చెబుతారని ఎవరూ లేవలేదు. వంటింటి తలుపు గడియ పడటం మానేసింది. చెక్క తడిసి ఉబ్బిందనుకున్నారు. పిల్లని ముందు గదిలోనే పడుకోబెట్టి, దాని మంచం పక్కన చాప వేసుకుని, గోడ లోపల ఇసక జారుతున్న చప్పుడు వింటూ పడుకున్నాను. ఎలకలేమో అనుకోవాలని చాలా ప్రయత్నం చేశాను.

మూడోనాడు పొద్దున వాన తెరిపిచ్చింది, అల్లుడు షాపుకి వెళ్ళాడు. అమ్మ మొహాన పసుపంతా కడుక్కుపోయి ఉంటుందని వియ్యపురాలు పళ్ళెం పట్టుకుని గట్టు మీదికి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. కిటికీలోంచి చూస్తే పళ్ళెం చేతిలోనే ఉంది, మనిషి కదలకుండా నిలబడి ఉంది.

"వదినగారూ, ఇలా రండి" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

మోకాళ్ళ సంగతి మర్చిపోయి ఎక్కాను. వాన లేదు. ఆకుల మీంచి చినుకు రాలడం కూడా లేదు. అయినా ఆ ఇత్తడి కళ్ళ కిందనుంచి రెండు ధారలు, ఎర్రమట్టి రంగులో, బుగ్గల మీదుగా జారుతున్నాయి. తెరుచుకోబోతున్న నోరు ఇప్పుడు తెరుచుకునే ఉంది. అందులో నా చెయ్యి పడుతుంది.

"అమ్మ ఏడుస్తోందండీ" అంది వియ్యపురాలు.

బండ వెనక మట్టి కరిగి కారుతోందని నేను అనొచ్చు. అంటే ఆవిడ వాదించేది, వాదనలో మధ్యాహ్నం అయ్యేది. పైగా ఆ క్షణాన నాకూ అది ఏడుస్తున్నట్టే ఉంది, నిజం.

"తల్లి బిడ్డల్ని చూసి ఎప్పుడు ఏడుస్తుందండీ?" అన్నాను.

ఆవిడ బండ వంక చూసింది. కింద మా అమ్మాయి నిలబడ్డ కిటికీ వంక చూసింది. పళ్ళెం అక్కడే పెట్టేసి, చీర చెంగు దోపుకుని మెట్లు దిగింది. ఆ దిగడం దిగడం ప్రతి గుమ్మం ముందూ ఒకటే అరుపు.

"లేవండి! అమ్మ వెళ్ళిపొమ్మంటోంది! గ్యాసు కట్టేసి దిగండి!"

చివరి ఇంటి ముసలాయన ఇడ్లీ పళ్ళెం ముందు కూర్చుని, "తినేసి వస్తాలేవే" అన్నాడు.

"పళ్ళెంతో సహా దిగు బాబాయ్! కింద కూర్చుని తిందువుగాని. చట్నీ నేను పట్టుకొస్తా, లే!"

ఇంకొకరు చెబితే ఒక్కరూ కదిలేవాళ్ళు కాదు. ఆ మొహాన్ని వాళ్ళకి చూపించింది ఆవిడే కాబట్టి, అది ఏడుస్తోందంటే నమ్మారు.

మా అమ్మాయి మాత్రం గడప దగ్గర ఆగిపోయింది. "అత్తయ్యా, ఆరో నెల కదా" అంది. అప్పటికీ అత్తగారి మాట దాటలేదు పిచ్చిపిల్ల.

వియ్యపురాలు దాని చెయ్యి పట్టుకుంది. "నిన్ను పుట్టింటికి పంపడం కాదే ఇది. నేనే మీ అమ్మగారింటికి చుట్టపుచూపుగా వెళ్తున్నా. నువ్వు నాకు తోడొస్తున్నావు. పద."

మేం కింద టీకొట్టు రేకుల కింద నిలబడి ఉండగా వచ్చింది ఆ చప్పుడు. ఉరుములా ఉంటుందనుకున్నాను, కాదు. ముందు బరువైన మనిషెవరో నిట్టూర్చినట్టు. ఆ తర్వాత లారీలోంచి కంకర దించుతున్నట్టు. బండ ఎగిరి పడలేదు. మెల్లగా ముందుకి వాలి, వంటింటి మీద కూర్చుని, వంటింటితో సహా ముందు గదిలోకి వచ్చి, అమ్మాయి మంచం ఉన్న చోట ఆగింది. బోర్లా పడింది. మొహం కిందికి. ఆ మొహాన్ని మళ్ళీ ఎవరూ చూడలేదు. పక్క రెండిళ్ళు మట్టిలో కూరుకుపోయాయి. అందులోనూ ఎవరూ లేరు.

మర్నాడు మిషను తెచ్చి బండని ముక్కలు చేశారు. వియ్యపురాలు ఆ ముక్కల మధ్య తిరిగి తిరిగి ఇత్తడి కళ్ళ కోసం వెతికింది. ఒకటే దొరికింది. దాన్ని కడిగి, పసుపు డబ్బాలో బోర్లించి, మా ఇంటికి తెచ్చుకుంది. "ఒక్క కన్ను దేనికీ అంటించకూడదండీ. ఇంకో కన్ను కోసం వెతుకుతుంది" అంది. ఆవిడ కోపంగా లేదు, భక్తి తగ్గిపోనూ లేదు. గోడల వైపు చూడటం మాత్రం తగ్గించింది. ఎప్పుడైనా చూసినా, బజార్లో కొత్త మనిషిని చూసినట్టు, మాట కలపాలా వద్దా అన్నట్టు చూస్తుంది.

ఏడో నెలలో సీమంతం ఈ గదిలోనే చేశాం. మనవరాలు పుట్టింది. ముద్దుల మూట. అందరూ ఇక్కడే, ఈ గవర్నర్‌పేట వాటాలోనే ఇరుక్కుని ఉంటున్నాం. పిల్లకి చూపు నిలిచింది. ఒకరోజు ఒళ్ళో వేసుకుని ఊగుతుంటే బోసినోటితో నవ్వింది. నన్ను చూసి కాదు. నా భుజం మీంచి, వెనక ఉన్న గోడని చూసి. మళ్ళీ నవ్వింది. మడమలు ఆడించింది. ఎవరో పలకరించినట్టు ఊఁ కొట్టింది.

తిరిగి చూశాను. పాత అలమర తీసేసిన చోట రెండు మేకు చిల్లులు. వాటి కింద సన్నగా ఒక బీట. ఇన్నేళ్ళు ఇక్కడ కాపురం చేసి, ఆ బీటని నేనెప్పుడూ చూడలేదు.

వియ్యపురాలు వచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది. కుంకుమ భరిణ తెచ్చి, ఆ బీట చివర ఒక బొట్టు పెట్టింది. నా ప్రాణం ఉసూరుమంది.

"మళ్ళీ పూజ మొదలెట్టారా వదినగారూ?"

"పూజ కాదండీ" అంది, చెయ్యి చీరకి తుడుచుకుంటూ. "ఆ నోరు ఈ బొట్టు దాటుతుందేమో చూద్దామని."

రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోకముందే ఇద్దరం వచ్చి చూసుకునేవాళ్ళం. వాటా అద్దెకిచ్చిన ఇంటివాళ్ళకి చెప్పాం. పాత ఇల్లు కదా, అలాగే ఉంటుందన్నారు. పక్క స్థలంలో మేడ కోసం లోతుగా పునాదులు తవ్వుతున్నారు. రాత్రీ పగలూ ఆ మిషను చప్పుడే. పిల్ల మాత్రం ఆ గోడని చూసి నవ్వుతూనే ఉంది.

ఇవాళ పొద్దున చూశాం. నోరు బొట్టు దాటింది.

అందుకే ఈ మూటలు. వేరే చోట వాటా ముందే చూసిపెట్టుకున్నాం. ఆటో కోసం అల్లుడు వెళ్ళాడు, వచ్చేస్తాడు. పిల్లా, తల్లీ, వియ్యపురాలూ ఎదురు లాడ్జి అరుగు మీద కూర్చుని ఉన్నారు. మీరూ లేవండి, మిగతావి అక్కడ మాట్లాడుకుందాం. మీరు ఏ ఇంట్లో ఉన్నా ఆ ఇంటి గోడలు మిమ్మల్ని చల్లగా చూడాలి. మీ పిల్లలు నవ్వినప్పుడు ఎదురుగా మీ మొహమే ఉండాలి. మీ కప్పు కింద వండిన అన్నం మీరే తినాలి, మీ గడప మిమ్మల్ని పిలవాల్సిన వేళకి పిలవాలి, పొమ్మనాల్సిన వేళకి పొమ్మనాలి.